భర్త ఫైలులో భార్య చిరునామాలు

ఆస్ట్రేలియాలో కుటుంబ చరిత్ర రాసుకోవడం చాలామందికి పెద్ద వ్యాపకం. రిటైరైనవాళ్ళు పేటలోని లైబ్రరీకి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చొని, తాతముత్తాతల కాగితాలు వెతుక్కుంటూ గంటలు గడపడం మెల్‌బోర్న్‌లో నేను తరచుగా చూస్తుంటాను. వాళ్ళలో ఎక్కువమంది మొదలుపెట్టే చోటు ఒక్కటే: రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తండ్రిదో తాతదో సైనిక ఫైలు. అప్పటి దేశ జనాభా సుమారు 70 లక్షలు. త్రివిధ దళాలలో పనిచేసినవారు దాదాపు 10 లక్షలు. ఆ తరంలో సైనికుడు లేని బంధువర్గం అరుదు. ఆ ఫైళ్ళను నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచింది. చాలావాటిని స్కాన్ చేసి, ఎవరైనా ఇంట్లోనే చదువుకునేలా పెట్టింది. దొరికినదానితో మొదలుపెట్టడం సహజమే. కాని యుద్ధకాలంలో పెళ్ళి చేసుకున్న కార్మిక దంపతుల చరిత్రను ఆ ఫైలుతో మొదలుపెడితే, ఆ కుటుంబం యుద్ధం వల్ల పుట్టి, యుద్ధంలోనే జీవించి, పతకాలతో ముగిసినట్టు కనిపిస్తుంది. అది వారి జీవితం కాదని నా వాదన. వారి పెళ్ళిని వాయిదా వేయించినదీ, తరువాత జరిపించినదీ, ఇళ్ళు మార్పించినదీ కూలి రేటు, ఇంటి అద్దె. యుద్ధం ఆ రెండింటినీ కొన్నేళ్ళపాటు తలకిందులు చేసింది. వారి చరిత్రను అక్కడి నుంచి చదవాలి.

ఇది నేను గాలిలో చేస్తున్న వాదన కాదు. మెల్‌బోర్న్ పడమటి శివారు సన్‌షైన్‌లో మా పక్కింట్లో ఉండే పెద్దావిడ తన తల్లిదండ్రుల గురించి ఒక చిన్న పుస్తకం రాసుకుంటున్నారు. మనవల కోసం ఏ యాభై కాపీలో అచ్చు వేయించుకునే పుస్తకం. కాగితాలు స్కాన్ చేయడంలో, పాత పత్రికలు వెతకడంలో నేను సాయపడుతున్నాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆవిడ మొదట నాకు చూపించిన చిత్తుప్రతిలో తండ్రి సైనిక జీవితానికి ముప్పై పేజీలకు పైగా ఉన్నాయి. తల్లికి ఒక పేజీ ఉంది. అందులో సగం ఆమె వంటల గురించి. ఆ తేడాకు కారణం కూతురి ప్రేమలో లోటు కాదు. తండ్రి గురించి ప్రభుత్వం రాసిపెట్టింది, తల్లి గురించి రాయలేదు, అంతే.

వారి పెళ్ళి 1943 మార్చిలో, మెల్‌బోర్న్ పడమటి వైపునే ఉన్న ఫుట్‌స్క్రే పేటలో జరిగింది. విక్టోరియా రాష్ట్రపు పెళ్ళి సర్టిఫికెట్టు ఎంత సమాచారం ఇస్తుందో తెలియనివారికి చెప్పాలి: వధూవరుల వయసు, పుట్టిన ఊరు, వృత్తి, అప్పటి నివాసం, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, తల్లుల పుట్టింటి ఇంటిపేర్లు, తండ్రుల వృత్తులు, అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. ఈ సర్టిఫికెట్టులో వరుడి తండ్రి రాళ్ళ క్వారీలో కూలి. వధువు తండ్రి రేవు కార్మికుడు. వరుడు సైనికుడు, అంతకు ముందు కబేళాలో పనివాడు. వధువు వృత్తి దగ్గర మందుగుండు ఫ్యాక్టరీ కార్మికురాలు అని ఉంది. ఆమె జీవితమంతటిలో ఆమె చేసే పనికి ఒక ప్రభుత్వ కాగితం పేరు పెట్టడం మాకు దొరికినంతలో అదొక్కటే. ఆ తరువాత వచ్చిన ప్రతి ఓటర్ల జాబితాలోనూ ఆమె పేరు పక్కన ఉన్నది ఇంటి పనులు అన్న మాటే.

యుద్ధకాలపు పెళ్ళిళ్ళ గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది: రేపు బతికి ఉంటామో లేదో అన్న తొందరలో, సెలవు మీద వచ్చిన కుర్రాడు నాలుగు రోజుల్లో పెళ్ళాడి వెళ్ళిపోవడం. అలాంటి పెళ్ళిళ్ళు జరిగాయి, కాదనను. సింగపూర్ పతనమై డార్విన్ మీద బాంబులు పడిన 1942లో ఆస్ట్రేలియాలో పెళ్ళిళ్ళ రేటు వెయ్యి జనాభాకు 12కు చేరింది. ఆ దేశపు లెక్కల్లో అంతకంటే పెద్ద అంకె లేదు. కాని ఆ అంకెను భయంతో, ఉద్వేగంతో మాత్రమే వివరించడం పొరపాటు. అంతకు పదేళ్ళ ముందు ఆర్థిక మాంద్యంలో పెళ్ళిళ్ళు బాగా పడిపోయాయి. 1932 నాటికి యూనియన్ సభ్యులలో దాదాపు 30 శాతం మందికి పని లేదు. మా పక్కింటావిడ తండ్రికి అప్పుడు పదిహేనేళ్ళు. బడి మానేసి, పని కోసం గేట్ల దగ్గర నిలబడి, ఇంట్లో నిరుద్యోగుల సాయం కింద వచ్చే సరుకులతో పొట్ట నింపుకున్నవాడు. అతనికీ ఆ అమ్మాయికీ పరిచయం 1938 నుంచి ఉంది. ఐదేళ్ళు వారు ఆగింది ప్రేమ చాలక కాదు, గది అద్దెకు తీసుకొని కాపురం పెట్టే కూలి రాక. సైన్యపు జీతం, ఫ్యాక్టరీ జీతం కలిసి వచ్చిన మొదటి ఏడాదిలోనే పెళ్ళి చేసుకున్నారు. తొందరపడిన పెళ్ళి కాదు, ఆలస్యమైన పెళ్ళి. 1942, 43 సంవత్సరాల కార్మిక పెళ్ళిళ్ళలో చాలావాటికి ఈ మాట వర్తిస్తుందని నా నమ్మకం.

పెళ్ళి ఎలా జరిగిందో చెప్పే ఫోటో ఒకటుంది. బట్టల మీద రేషన్ 1942 జూన్‌లో వచ్చింది. మనిషికి ఏడాదికి 112 కూపన్లు, అందులోనే వంటిమీది బట్టలతోపాటు కొత్త కాపురానికి కావలసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ కూడా రావాలి. అందుకని పెళ్ళి గౌను వదినది, తలమీది ముసుగు ఇంకొకరిది. వధువు తన కూపన్లు, తల్లి కూపన్లు దుప్పట్లకు దాచుకుంది. టీ, చక్కెర అప్పటికే రేషన్‌లో ఉన్నాయి. పొదుపు ఉద్యమం నడిపిన మంత్రి జాన్ డెడ్‌మన్ పెళ్ళి కేకుల మీద గులాబి రంగు ఐసింగును కూడా నిషేధించాడన్నది ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. ఫోటోలో కేకు తెల్లగానే ఉంది. వరుడు యూనిఫారంలో, న్యూ గినియా మలేరియాతో చిక్కిపోయి, కాలరు మెడకు వదులుగా ఉండగా నిలబడి ఉన్నాడు.

ఇక కూలి సంగతి. నేనుంటున్న సన్‌షైన్‌కు ఆ పేరు వచ్చింది హెచ్.వి. మెకే స్థాపించిన హార్వెస్టర్ యంత్రాల ఫ్యాక్టరీ వల్ల. ఇప్పుడు ఆ స్థలంలో షాపింగ్ సెంటర్ ఉంది. శనివారాలు మన తెలుగు కుటుంబాలు చాలా అక్కడ కనిపిస్తాయి. 1907లో ఆ ఫ్యాక్టరీ విషయంలో న్యాయమూర్తి హిగ్గిన్స్ ఇచ్చిన తీర్పు ఆస్ట్రేలియా కార్మికుల జీవితాన్ని అరవై ఏళ్ళపాటు శాసించింది. నైపుణ్యం అవసరం లేని పని చేసే మగవాడికి రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42 షిల్లింగులు న్యాయమైన కూలి అని ఆయన నిర్ణయించాడు. భార్యా ముగ్గురు పిల్లలున్న ఇల్లు పొదుపుగా, మర్యాదగా గడవడానికి ఎంత కావాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఎలా తయారైందన్నది నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. కూలివాళ్ళ భార్యలు కొందరు కోర్టుకు వచ్చి తమ ఇంటి ఖర్చులు, అద్దె ఎంత, మాంసం ఎంత, బొగ్గు ఎంత అని సాక్ష్యం చెప్పారు. ఆడవాళ్ళు చెప్పిన పద్దుల మీద నిలబడిన కొలమానం అది. దాని ఫలితం మాత్రం మగవాడి జీతపు కవరులోకి వెళ్ళింది. ఆ తీర్పుకు ఆధారమైన చట్టాన్ని మరుసటి ఏడాదే హైకోర్టు కొట్టివేసింది, మెకే ఆ కూలి చెల్లించవలసిన అవసరం రాలేదు. అయినా ఆ కొలమానం మిగిలింది, దేశమంతా పాకింది.

దానికి రెండో ముఖం కూడా ఉంది. మగవాడి కూలిలో భార్యాపిల్లల ఖర్చు కలిపి ఉన్నప్పుడు, ఆడమనిషి కూలిలో ఆమె ఒక్కదాని పొట్టే లెక్క. 1912లో పండ్ల కోత కూలీల కేసులో హిగ్గిన్సే ఆ తర్కాన్ని చెప్పాడు: మగవాళ్ళతో పోటీపడే పనిలో సమాన కూలి, ఆడవాళ్ళ పని అని పేరుపడ్డ పనిలో తక్కువ కూలి. 1919 నాటికి ఆడవారి మూల వేతనం మగవారి వేతనంలో 54 శాతం దగ్గర స్థిరపడింది. మా పక్కింటావిడ తల్లి పద్నాలుగో ఏట జౌళి మిల్లులో చేరినప్పుడు ఆమె చేతికి వచ్చినది ఆ లెక్క ప్రకారమే. ఆ జీతంతో ఆడపిల్ల ఒంటరిగా బతకలేదు. బతకకూడదన్నదే ఆ ఏర్పాటులోని ఉద్దేశమని నేను అనను కాని, ఫలితం అదే. పుట్టిల్లో భర్త ఇల్లో తప్ప మూడో దారి లేదు.

1941 తరువాత ఆ మూడో దారి తెరుచుకుంది. మారిబిర్నాంగ్, ఫుట్‌స్క్రే, డీర్ పార్క్‌లలోని మందుగుండు ఫ్యాక్టరీలు వేలమంది ఆడవాళ్ళను తీసుకున్నాయి. ఆమె ఫుట్‌స్క్రేలో తూటాల విభాగంలో చేరింది: షిఫ్టులు, చెవులు దిమ్మెక్కించే ప్రెస్సుల మోత, నూనె, ఇత్తడి పొడి, పని మొదలయ్యే ముందు ఉంగరాలూ తలపిన్నులూ తనిఖీ. 1942లో ప్రధానమంత్రి జాన్ కర్టిన్ ప్రభుత్వం మహిళా ఉపాధి బోర్డును ఏర్పాటు చేసింది. జడ్జి ఆల్‌ఫ్రెడ్ ఫాస్టర్ దానికి అధ్యక్షుడు. మగవాళ్ళు చేస్తూ వచ్చిన పనుల్లోకి వచ్చిన ఆడవారికి మగవారి రేటులో 60 నుంచి 100 శాతం వరకు నిర్ణయించే అధికారం దానికి ఇచ్చారు. చాలా సందర్భాలలో బోర్డు 90 శాతం ఇచ్చింది. యజమానులు ఊరుకోలేదు, హైకోర్టు దాకా వెళ్ళారు. సెనేట్‌లో ప్రతిపక్షమూ అడ్డుపడింది. పైగా బోర్డు పరిధిలోకి వచ్చినవారు కొందరే. జౌళి మిల్లులో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో, ఆసుపత్రి లాండ్రీలో ఉన్నవాళ్ళు తాము ఎప్పుడూ చేస్తున్న పనే చేస్తున్నారు కాబట్టి పాత రేట్లతోనే మిగిలిపోయారు. ఆమె అక్క మిల్లులోనే ఉండిపోయింది. ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకే షిఫ్టు పొడుగు, రెండు రకాల జీతం.

ఈ భాగం చదివి వినిపించినప్పుడు పక్కింటావిడ ఒప్పుకోలేదు. మా అమ్మ ఫ్యాక్టరీని ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు, కడుపుతో ఉండి 1944లో పని మానేసిన రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నానని చెప్పేది, నువ్వు ఆమెను పోరాటయోధురాలిని చేయకు అన్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆ తరం ఆడవారిలో చాలామంది ఇల్లు కోరుకున్నారు. ఎనిమిది గంటల షిఫ్టు కంటే తన వంటిల్లు, తన బిడ్డ మేలనుకున్నారు. దాన్ని మోసపోవడం అనడానికి నాకు అధికారం లేదు. కాని ఆమె హాయిగా ఊపిరి పీల్చుకున్నప్పుడు ఆమె ముందున్న దారులేమిటన్నది కూడా చరిత్రలో భాగమే. యుద్ధం ముగియగానే ఆ రేట్లు యుద్ధకాలపు ప్రత్యేక ఏర్పాట్లుగా పక్కకు పోయాయి. 1950లో ఆడవారి మూల వేతనాన్ని మగవారిదానిలో 75 శాతంగా నిర్ణయించారు. పెళ్ళైన ఆడవారికి కేంద్ర ప్రభుత్వపు శాశ్వత ఉద్యోగాల్లో చోటు 1966 దాకా లేదు. ఇల్లు ఆమె కోరికే కావచ్చు. అది తప్ప ఇంకేదీ గిట్టుబాటు కాకుండా కూలి చట్టం చూసుకుంది. రెండు మాటలూ నిజమే, రెండూ పుస్తకంలో ఉండాలని చివరికి ఇద్దరం ఒప్పుకున్నాం. ఆవిడ అభ్యంతరం కూడా ఆవిడ మాటల్లోనే అక్కడ చేరింది.

తల్లికి కాగితాలు లేవన్న బాధ అలాగే ఉంది. ఇక్కడే సైనిక ఫైలును వేరే విధంగా చదవవలసి వచ్చింది. విక్టోరియాలో చేరిన సైనికుల నంబర్ల ముందు వీఎక్స్ అని ఉంటుంది. ఆ నంబరు కింద ఆయన ఫైలులో చేరిన తేదీ, ఎత్తు, కళ్ళ రంగు, మధ్యప్రాచ్యం, 7వ డివిజన్‌తో పాపువా, ఆసుపత్రి, మలేరియా, మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మలేరియా, ఇలా సాగుతుంది. చదివేవారి కళ్ళు సహజంగా ఆ యుద్ధరంగాల పేర్ల వెంట పోతాయి. అదే కాగితం పైభాగాన దగ్గరి బంధువు అన్న గడి ఒకటుంది. 1940లో అక్కడ తల్లి పేరు, ఫుట్‌స్క్రే చిరునామా రాసి ఉన్నాయి. 1943లో ఆ పేరు ఎర్ర సిరాతో కొట్టివేసి భార్య పేరు రాశారు. చిరునామా యారావిల్‌లో ఆమె పుట్టిల్లు. 1944లో ఆ చిరునామా మళ్ళీ కొట్టివేత: వెస్ట్ ఫుట్‌స్క్రేలో ఒక ఇల్లు, అది ఆమె పిన్నిది. 1945లో ఇంకో కొట్టివేత, ఈసారి అత్తారిల్లు. గుమాస్తా ఒకరు ఆయన చనిపోతే టెలిగ్రాం ఎక్కడికి పంపాలో తెలియడం కోసం రాసుకున్న వివరాలివి. వాటిలో ఆమె జీవితం ఉంది. ఆయన ఎక్కడ యుద్ధం చేశాడో చెప్పడానికి తెరిచిన ఫైలు, ఆమె ఎవరి ఇంట్లో తలదాచుకుంటూ బిడ్డను కన్నదో చెప్పింది.

ఆ చిరునామాల పక్కన ఇంకొకటి పెట్టి చూడవలసి వచ్చింది: యారావిల్ పుట్టింటి అద్దె పుస్తకం. అరచేతిలో పట్టేంత చిన్నది, నల్ల అట్ట, వారానికొక గీత, ప్రతి గీత చివర అద్దె వసూలు చేసుకొనేవాడి పొట్టి సంతకం. 1944 చలికాలంలో రెండు వారాల గీతలు ఖాళీగా ఉన్నాయి. మూడో వారం దగ్గర మూడింతల అద్దె ఒకేసారి రాసి ఉంది. వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ఆమె చేతిరాత: పాలు, బొగ్గు, డాక్టరు, అద్దె, వాటికి ఎదురుగా భర్త జీతంలోంచి సైన్యం పంపే అలాట్‌మెంట్. కూడికలు రెండుసార్లు వేసి ఉన్నాయి, రెండుసార్లూ తక్కువే తేలింది. ఫ్యాక్టరీ జీతం ఆగిపోయిన నెలలవి. ఆ తరువాతి నెలలోనే ఫైలులో చిరునామా పిన్ని ఇంటికి మారింది. అద్దె పుస్తకం లేకుండా ఫైలు చదివితే అది చిరునామా మార్పు. రెండూ కలిపి చదివితే అది ఆ ఇంటిపై పడ్డ భారం. యుద్ధరంగంలో భర్త ఏ రోజు ఎక్కడ ఉన్నాడో పట్టిక వేసిన పుస్తకంలో ఇప్పుడు దాని పక్కన రెండో వరుస వచ్చింది: 7వ డివిజన్ 1943 సెప్టెంబరులో న్యూ గినియాలోని లే పట్టణం వైపు వెళ్తున్నప్పుడు ఆమె రాత్రి షిఫ్టులో ఉంది, 1945 జూలైలో బోర్నియోలోని బాలిక్‌పాపన్ తీరంలో దిగినప్పుడు ఆమె అత్తారింటి వెనక వరండాలో పసిబిడ్డతో ఉంది.

ఇలాంటి దంపతుల ఉత్తరాలు మిగలవు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పెళ్ళి చేసుకున్న ఒక కార్మికోద్యమ జంట ఉత్తరాలు మిగిలాయి: జాన్ కర్టిన్, ఎల్సీ నీడమ్‌లవి. కలప కార్మికుల యూనియన్‌కు కార్యదర్శిగా పనిచేసిన అతను 1916లో నిర్బంధ సైనిక సేవకు ఎదురు తిరిగి జైలుకు వెళ్ళి, 1917 ఏప్రిల్‌లో పెర్త్‌లో ఆమెను పెళ్ళాడాడు. ఆమె సైన్‌బోర్డులు రాసే మనిషి కూతురు. అతను ఆమెకు రాసిన ఉత్తరాలు ఈనాడు పెర్త్‌లో అతని పేరు మీద ఉన్న గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అందుకు కారణం అతను 1941లో ప్రధానమంత్రి కావడం. అతను యూనియన్ కార్యదర్శిగానే జీవితం ముగించి ఉంటే ఆ ఉత్తరాలు ఏ ఇల్లు ఖాళీ చేసినప్పుడో చెత్తలో కలిసిపోయేవి. మా పక్కింటావిడ తల్లి భర్త ఉత్తరాలను 1950లలో కాల్చేసిందట. చిన్న ఇల్లు, ఐదుగురు పిల్లలు, పెట్టుకోవడానికి చోటు లేదు.

చోటు లేదన్నది ఆ తరానికి మామూలు మాట. 1944లో కామన్‌వెల్త్ హౌసింగ్ కమిషన్ దేశంలో మూడు లక్షల ఇళ్ళు తక్కువ పడుతున్నాయని తేల్చింది. మాంద్యంలో ఇళ్ళు కట్టలేదు, యుద్ధంలో కట్టనివ్వలేదు. సైనికులు తిరిగి వచ్చేసరికి ఒక్కో ఇంట్లో మూడేసి కుటుంబాలు. మా పక్కింటావిడ తండ్రి 1945 చివర సైన్యం నుంచి విడుదలై, కబేళాలో పాత పనిలో చేరి, తన తల్లి ఇంటి వెనక వరండాలోనే కాపురం పెట్టాడు. అత్తాకోడళ్ళకు పడలేదు. ఎందుకు పడలేదని పుస్తకంలో పెద్ద చర్చ అవసరం లేదు; ఒక పొయ్యి, ఒక కొళాయి, ఏడుగురు మనుషులు. 1947లో వారు క్యాంప్ పెల్‌కు వెళ్ళారు.

క్యాంప్ పెల్ గురించి ఈనాటి మెల్‌బోర్న్‌లో తెలిసినవారు తక్కువ. నగరం నడిబొడ్డుకు దగ్గరలోని రాయల్ పార్కులో 1942లో అమెరికా సైన్యం వేసిన శిబిరం అది; డార్విన్‌లో చనిపోయిన ఒక అమెరికన్ వైమానికుడి పేరు దానికి పెట్టారు. సైన్యం వెళ్ళిపోయాక 1946 నుంచి ఇళ్ళు లేని కుటుంబాలను ఆ గుడిసెల్లో పెట్టారు. సన్నటి గోడలు, మధ్యలో అడ్డుగోడ వేసి రెండు కుటుంబాలు, అందరికీ కలిపి మరుగుదొడ్లు, బట్టలుతికే చోటు, వానాకాలమంతా బురద. పత్రికలు దాన్ని క్యాంప్ హెల్ అని పిలిచాయి. ఆ పత్రికలు ఈ రోజు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయపు వెబ్‌సైటు ట్రోవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. చదివితే కోపం వస్తుంది. అద్దె ఇల్లు దొరకని కూలివాళ్ళ గురించి రాయవలసిన చోట నేరస్థుల గురించి రాసినట్టు రాశారు. 1956లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఒలింపిక్స్‌కు ముందు శిబిరాన్ని ఖాళీ చేయించారు. అప్పటికి మా పక్కింటావిడ కుటుంబం అక్కడ లేదు. 1950లో సన్‌షైన్‌లో ఒక ముక్క స్థలం కొని, ముందు గరాజ్ కట్టి, నాలుగేళ్ళు అందులోనే ఉంటూ శనివారాలూ ఆదివారాలూ ఇల్లు కట్టుకున్నారు. మా ఇంటి పక్కనున్నది ఆ ఇల్లే.

ఆ ఇల్లు కట్టిన రోజుల్లో నాలాంటివాళ్ళు ఆ వీధిలో ఉండే అవకాశం లేదన్న సంగతి దాచిపెట్టి ఈ కుటుంబాన్ని అభిమానించడం నాకు ఇష్టం లేదు. 1901 వలస చట్టంతో మొదలై 1973 దాకా ఏదో ఒక రూపంలో సాగిన శ్వేత ఆస్ట్రేలియా విధానాన్ని ఆనాటి యూనియన్లు, లేబర్ పార్టీ గట్టిగా సమర్థించాయి. హిగ్గిన్స్ లెక్కవేసిన ఇల్లు తెల్లవారి ఇల్లు. ఈ దంపతులూ ఆ విధానాన్ని ఎప్పుడూ ప్రశ్నించినట్టు కనిపించదు. అది కూడా వారి చరిత్రే, కూతురు దానికి అభ్యంతరం చెప్పలేదు. మరో వైపు, నా పేరు ఈ దేశపు కాగితాల్లో మొదటిసారి చేరింది మా ఆయన వీసా దరఖాస్తులో, ఆయన మీద ఆధారపడిన మనిషిగా. మెల్‌బోర్న్ శివార్లు టార్నీట్‌లోనూ ట్రుగనీనాలోనూ ఉంటున్న చాలామంది తెలుగు ఆడవారి మొదటి రికార్డు కూడా అదే. ఎనభై ఏళ్ళ తరువాత మా మనవలు ఆ ఫైళ్ళు తెరిస్తే ఆయన డిగ్రీలు, ఆయన కంపెనీలు వరుసగా కనిపిస్తాయి. మొదటి రెండేళ్ళు నేను ఎక్కడ ఏ పని చేశానో ఎక్కడా ఉండదు. మన వంశవృక్షాల్లో తండ్రి, కొడుకు, మనవడు అంటూ మగవారి పేర్లే దిగుతాయని తెలిసినవాళ్ళం, ఇంకొక దేశంలో ఆ లోటును గుర్తుపట్టడం మనకు కష్టం కాకూడదు.

1950ల చివరి నుంచి మా పక్కింటావిడ తల్లి రాత్రిపూట నగరంలోని ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పని చేసింది. సాయంత్రం ఆయన పని నుంచి రాగానే పిల్లలను అప్పజెప్పి రైలెక్కేది. పదిహేనేళ్ళు చేసింది. ఆ పదిహేనేళ్ళలో ఎన్ని ఎన్నికలు వచ్చాయో అన్ని ఓటర్ల జాబితాలున్నాయి, అన్నింటిలోనూ ఆమెది ఇంటి పనే. 1969లో సమాన వేతన కేసు తీర్పు మీద నిరసనగా యూనియన్ కార్యకర్త జెల్డా డిఆప్రానో మెల్‌బోర్న్‌లోని కామన్‌వెల్త్ భవనం తలుపులకు తనను తాను గొలుసుతో కట్టుకున్నప్పుడు, అలాంటి భవనాల నేలలు తుడుస్తున్న ఆడవారిలో ఈమె ఒకరు. 1972 తీర్పుతో సమాన విలువగల పనికి సమాన వేతనం అన్న సూత్రం వచ్చేసరికి ఆమె మోకాళ్ళు అరిగిపోయి పని మానేసింది.

ఆయన 1974లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పుడు ఆమె పేరు మళ్ళీ ఒక ప్రభుత్వ ఫైలుకు ఎక్కింది, ఆ ఫైలూ ఆయనదే. యుద్ధ వితంతువు పింఛను రావాలంటే భర్త మరణం సైనిక సేవ వల్ల వచ్చినదేనని ప్రభుత్వం ఒప్పుకోవాలి. 7వ డివిజన్‌కు సారథ్యం వహించిన జనరల్ వేసీ 1945లో విమాన ప్రమాదంలో చనిపోయాక ఆయన భార్య జెస్సీ వేసీ మెల్‌బోర్న్‌లో యుద్ధ వితంతువుల సంఘం స్థాపించి, చాలీచాలని పింఛను మీద మంత్రులతో ఏళ్ళ తరబడి పోరాడింది. ఆ పోరాటం ఈమెకు ఉపయోగపడింది. నాలుగు ఫారాలు, ఇద్దరు డాక్టర్ల ఉత్తరాలు, సైన్యంలో ఆయనకు సిగరెట్లు ఎలా అలవాటయ్యాయో ఆమె స్వయంగా రాసిన పేజీన్నర వాంగ్మూలం. ఆమె చేత్తో రాసిన అన్నింటిలోకీ పొడవైనది ఆ వాంగ్మూలమే. అందులో కూడా ఆమె తన గురించి ఒక్క వాక్యమే రాసుకుంది: పెళ్ళైనప్పటి నుంచి నేనూ పనిచేశాను.

పుస్తకం విషయంలో మా ఇద్దరి మధ్య తేలని తగవు ఒకటే మిగిలింది, అది క్యాంప్ పెల్. అక్కడ ఉన్న సంగతి తల్లి జీవితాంతం చుట్టాల దగ్గర కూడా దాచింది కాబట్టి రాయడం ఆమెకు అవమానమని కూతురు అన్నారు. దాచినందుకే రాయాలని నేనన్నాను. మూడు లక్షల ఇళ్ళ కొరత ఒక కమిషన్ నివేదికలో అంకెగా ఉన్నంతకాలం ఎవరికీ సిగ్గు కాదు. అదే కొరత ఒక కుటుంబం చిరునామాగా మారగానే ఆ కుటుంబపు సిగ్గుగా ఎలా మారింది? సిగ్గుపడవలసినవారు యుద్ధం నుంచి మనుషులను తెచ్చి గుడిసెల్లో పెట్టినవారు. ఈ వాదన ఆవిడను పూర్తిగా ఒప్పించిందని చెప్పను. కొన్ని వారాల తరువాత ఆవిడ చిరునామాల పట్టికలో 1947 ఎదురుగా ఉన్న ఖాళీని స్వయంగా నింపి పంపారు: శిబిరం పేరు, గుడిసె ఉన్న వరుస, చలికాలంలో ఉదయాన్నే గడ్డకట్టిన కొళాయి మీద తండ్రి వేడినీళ్ళు పోసేవాడన్న ఒక వాక్యం. పక్క గుడిసెలో ఉన్న కుటుంబం పేరు మాత్రం వద్దన్నారు, వారి పిల్లలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉంటున్నారట. ఆ పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం కాబట్టి అక్కడ నేను వాదించలేదు.